ఇంగ్లీషు ఒకటే, పలుకుబడులు వేరు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లలు ఇంగ్లండులోనో అమెరికాలోనో స్థిరపడ్డారు. అక్కడికి వెళ్లి వచ్చిన మిత్రులు చెప్పే మాట ఒకటే. "ముప్పై ఏళ్లు ఇంగ్లీషులో నోట్ ఫైళ్లు రాశాను. అక్కడ షాపువాడు చెప్పింది ఒక్క ముక్క అర్థం కాలేదు. నోరు మూసుకుని కూర్చున్నాను." ఈ బిడియం అనవసరమని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఇంగ్లండులోనే ఇంగ్లీషు ఊరూరికీ మారుతుంది. తూర్పు లండన్ కాక్నీ వారు మాట మొదట హకారం మింగేస్తారు. 'హౌస్' కాస్తా 'అవుస్' అవుతుంది. మెట్లను 'యాపిల్స్ అండ్ పేర్స్' అంటారు, 'స్టేర్స్'కు 'పేర్స్' ప్రాస కనుక. కొత్తవాడికి మెట్లెక్కాలో పండ్లు కొనాలో తెలియదు! యార్క్‌షైరులో 'నథింగ్'ను 'నౌట్' అంటారు. న్యూకాజిల్ వైపు చంటిపిల్లవాడు 'బెయిర్న్'. ఉత్తరాదిన చాలా ఇళ్లలో 'డిన్నర్' అంటే మధ్యాహ్న భోజనం, 'టీ' అంటే సాయంత్రం భోజనం. టీకి పిలిచారు గదా అని ఇంట్లో తిని వెళ్లకండి.

అమెరికాలో కూల్‌డ్రింకును ఈశాన్యాన 'సోడా', మిడ్‌వెస్టులో 'పాప్' అంటారు. దక్షిణాదిన చాలామందికి ఏ రకమైనా 'కోక్' అే. 'మీరందరూ' అనడానికి దక్షిణాదిన 'యాల్', పిట్స్‌బర్గులో 'యింజ్'. మన గుమాస్తాలకు నచ్చే ముచ్చట ఇంకొకటి. తీర్మానాన్ని 'టేబుల్' చేయడమంటే బ్రిటన్‌లో చర్చకు పెట్టడం, అమెరికాలో చర్చను పక్కన పెట్టడం!

యాసను బట్టి మనిషిని తూచడం అక్కడా ఉన్నదే. బెర్నార్డ్ షా 'పిగ్మేలియన్' నాటకానికి (1913) అదే ఇతివృత్తం. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో యార్క్‌షైరు వాడైన విల్‌ఫ్రెడ్ పికిల్స్ బి.బి.సి.లో వార్తలు చదివితే కొందరు శ్రోతలు ఆక్షేపించారు. నేడు అదే బి.బి.సి.లో రకరకాల ప్రాంతాల యాసలు వినిపిస్తున్నాయి. మన ఆఫీసుల్లో ఆనపకాయ అన్నవారూ, సొరకాయ అన్నవారూ ఒకే బల్ల దగ్గర క్యారియర్లు విప్పలేదా? ఎవరి కూర రుచి తగ్గింది? మనం వాడే 'ప్రీపోన్' కూడా ఆక్స్‌ఫర్డు నిఘంటువుకెక్కింది.

అయితే ఒక్కచోట మొహమాటం ప్రమాదం. డాక్టరు దగ్గర, మందుల షాపులో 'ఫిఫ్టీన్' అన్నారో 'ఫిఫ్టీ' అన్నారో తేలకపోతే తల ఊపి వచ్చేయకండి. 'వన్ ఫైవా, ఫైవ్ జీరోనా' అని అడగండి. కాగితం మీద రాయించుకోండి. మళ్లీ అడగడంలో చిన్నతనం లేదు.

మనవల దగ్గరా అంతే. మన ఉచ్చారణకు వారు నవ్వితే మనమూ నవ్వుదాం. మాట్లాడడం మాత్రం మానవద్దు. మనం మూగనోము పడితే మన ఊరి కబుర్లు, మన పెద్దల కబుర్లు వారికి చెప్పేదెవరు?