థైరాయిడ్ జన్యుపరీక్ష: చెప్పేదెంత, చెప్పనిదెంత
(మన సంఘం ఉగాది సభలో ఒక వైద్యుని ప్రసంగపాఠం)



పంచాంగ శ్రవణం ముగిసీ ముగియక ముందే వైద్యుణ్ణి వేదిక ఎక్కించడం మన కార్యదర్శిగారి సాహసమే. మీరింతసేపూ ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు విన్నారు. నేను చెప్పబోయేది కూడా ఒక విధమైన జాతకాన్ని గురించే. కాకపోతే ఈ జాతకాన్ని పుట్టిన వేళనుబట్టి కాక, ఉమ్మినో రక్తాన్నో పరీక్షించి వ్రాస్తారు. దానికి జన్యుపరీక్ష అని పేరు.

మన బళ్ళారి సంగతి మీకు క్రొత్త కాదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి, బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అంతకు ముందునుంచీ ఇక్కడున్న తెలుగువారు కొందరు, తుంగభద్ర నీళ్ళు వచ్చాక కోస్తా జిల్లాలనుంచి వచ్చి సిరుగుప్ప వైపు క్యాంపులు వేసుకొని మాగాణి చేసినవారు మరి కొందరు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, ఆసుపత్రి కాగితం మీద ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య జబ్బు సంగతి ఎక్కడో జారిపోతుంది. అలా జారిపోయిన ఒక సంగతిని గూర్చే నేడు నా ప్రసంగం.

మెడ ముందు భాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి థైరాయిడ్. ఇది తయారుచేసే సరుకులో అధికభాగం టి-4 అనే హార్మోను. అందులో నాలుగు అయోడిన్ పరమాణువులు ఉంటాయి కనుక ఆ పేరు. 1914లో అమెరికాలో కెండాల్ అనే శాస్త్రజ్ఞుడు దానిని వేరుచేశాడు. 1952లో లండనులో గ్రాస్, పిట్-రివర్స్ అనే ఇద్దరు, మూడే అయోడిన్లున్న టి-3ని కనుగొన్నారు. దేహంలో నిజంగా చురుకుగా పనిచేసేది ఈ టి-3యే. 1970లో తేలిన విషయమేమంటే, థైరాయిడ్ గ్రంథి పనిచేయని మనుష్యులకు వట్టి టి-4 ఇచ్చినా, వారి దేహం దానిని టి-3గా మార్చుకుంటుంది.

వరి పండించేవారికి ఇది చెప్పడం సులువు. టి-4 గాదెలో పోసిన వడ్ల వంటిది. నిలవ ఉంటుంది గాని, అలాగే వండుకు తినలేము. టి-3 బియ్యం. మన రక్తంలోని టి-3లో సుమారు 80 పాళ్ళు థైరాయిడ్ నుంచి నేరుగా వచ్చినది కాదు, బయట అవయవాలలో దంచుకున్నది. కాలేయానికి, మూత్రపిండాలకు ఒక రకం మర. మెదడుకు, పిట్యూటరీ గ్రంథికి, కండరాలకు వేరొక రకం మర. ఈ మరలనే డీఅయోడినేజులు అంటారు. పొట్టు తీసినట్లు ఒక అయోడినును ఊడదీయడం వీటి పని. మూడవ రకం మర కూడా ఒకటి ఉన్నది. అది తీయరాని చోట అయోడినును తీసి, హార్మోనును పనికిరాకుండా చేస్తుంది. వృథా అనుకోకండి, ఎక్కువైనదానిని అణచడానికి అదీ కావలసిందే.

మెదడులోని మరకు సంబంధించిన జన్యువు పేరు డి.ఐ.ఓ.-2. మర అనే ఆ ప్రోటీను గొలుసులో 92వ పూస చాలామందిలో త్రియోనిన్. కొందరిలో దాని స్థానే అలనిన్ ఉంటుంది. రిపోర్టులు "పరివర్తన లోపం" అని భయపెట్టేది ఎక్కువగా ఈ ఒక్క పూసను గురించే. తల్లినుంచి ఒక ప్రతి, తండ్రినుంచి ఒక ప్రతి వస్తాయి గనుక ఒకరిలో రెండూ మామూలువి కావచ్చు, ఒకటి మారినది కావచ్చు, రెండూ మారినవి కావచ్చు. మేనరికాలు ఎక్కువైన మన ఇళ్ళలో, ఒకే తాతనుంచి వచ్చిన ప్రతి ఇరువైపులనుంచీ బిడ్డకు చేరే అవకాశం కాస్త హెచ్చు. అందుకని ఎవరూ నొచ్చుకోనక్కరలేదు. ఈ మార్పు ప్రపంచంలో చాలా సామాన్యమైనది, జబ్బు పేరు కాదు.

రిపోర్టు చదవడంలో ఒక చిక్కు ఉన్నది. జన్యువు రెండు పేటల తాడు. ఒక పేటలో 'టి' ఉన్నచోట ఎదుటి పేటలో 'ఎ', 'సి' ఉన్నచోట 'జి' ఉంటాయి. ఒక లేబరేటరీవారు ఒక పేట చదివి, రెండూ మారినవారికి "సి/సి" అని వేస్తారు. వేరొకరు రెండవ పేట చదివి "జి/జి" అంటారు. రెండూ ఒకటే. అన్నకు "సి", తమ్ముడికి "జి" వచ్చినదని ఇంట్లో తగవు పడనక్కరలేదు. ఈ అక్షరం 'టి'కీ, టి-4లోని 'టి'కీ ఏ సంబంధమూ లేదు.

సిరుగుప్ప దగ్గరి ఒక క్యాంపునుంచి ఒక అత్తగారు కోడలిని వెంటబెట్టుకొని వచ్చారు. "డాక్టరుగారూ, మా కోడలికి థైరాయిడ్ బిళ్ళ ఒంటికి పట్టదంటండీ, కాగితంలో ఉంది," అన్నారు. ఆ అమ్మాయికి మూడేళ్ళుగా టి-4 బిళ్ళ నడుస్తున్నది. ఎక్కడినుంచో తపాలాలో చేయించుకున్న రిపోర్టులో రెండు ప్రతులూ మారినవని ఉన్నది. దానితోపాటు ఏవో పొడులు కూడా అంటగట్టారు. బిళ్ళ మానివేసి ఏడు వారాలయింది. అప్పటికి ఆమె రెండు నెలల గర్భవతి.

"పట్టకపోవడమనేది ఆ కాగితం చెప్పలేదమ్మా," అన్నాను. ఆ కాగితం చెప్పినది ఆమెకు వారసత్వంగా వచ్చిన మర ఎటువంటిదో, అంతే. గాదెలో వడ్లెన్ని, కుండలో బియ్యమెంత అన్నది అది చెప్పదు. అది చెప్పేది రక్తపరీక్ష. తీయించి చూస్తే టి.ఎస్.హెచ్. ఎన్నో రెట్లు పెరిగి ఉన్నది. గర్భస్థ శిశువుకు మొదటి మూడు నెలలు సొంత థైరాయిడ్ పనిచేయదు. తల్లి టి-4యే దానికి ఆధారం, శిశువు మెదడు దానినే తన మరలో దంచుకుంటుంది. అందుచేత గర్భిణికి కావలసినది టి-4 బిళ్ళే, మానివేయడం బిడ్డకే ముప్పు. ఆ రోజే మళ్ళీ మొదలుపెట్టి మోతాదు పెంచాము. తరువాత పండంటి పాప పుట్టింది, మడమ రక్తం పరీక్ష కూడా బాగున్నది.

మరి ఆ జన్యుపరీక్ష శుద్ధ అబద్ధమా అంటే, కాదు. 2009లో ఇంగ్లండులో ప్రచురించిన ఒక పరిశోధనలో, టి-4 బిళ్ళ వాడుతున్న 552 మందిని పరిశీలించారు. రెండు ప్రతులూ మారినవారు నూటికి 16 మంది. వారికి మనఃస్థితి కొంచెం తక్కువగా ఉండి, టి-4తోపాటు టి-3 కూడా ఇచ్చినప్పుడు మెరుగుపడినట్లు తోచింది. రక్తంలో హార్మోను కొలతలలో మాత్రం భేదం లేదు. ఆ నూటికి 16 అన్నది అక్కడి జనం లెక్క, మనకు అంటించరాదు. 2017లో నెదర్లాండ్సులో 12 వేలమందికి పైగా జనాన్ని పరిశీలించి, ఈ మార్పు వలన హార్మోను కొలతలలోగాని, జీవితపు సుఖంలోగాని, బుద్ధి చురుకుదనంలోగాని తేడా కనబడలేదన్నారు. ఐరోపా థైరాయిడ్ సంఘంవారు 2012లోనే, చికిత్స నిర్ణయించడానికి ఈ జన్యుపరీక్షను మామూలుగా చేయించవద్దని సూచించారు. నా అభిప్రాయమూ అదే. బిళ్ళ సరిగా వాడుతూ, టి.ఎస్.హెచ్. కుదురుకున్నా ఇంకా నీరసంగా ఉన్నవారికి, టి-3 చేర్చి చూడవచ్చునా అని నిపుణునితో చర్చించే హక్కు ఉన్నది. జన్యువు కాగితం ఉన్నా లేకపోయినా ఆ చర్చ జరుగవచ్చు. టి-3 హద్దు మీరితే గుండెదడ, ఎముకల బలహీనత వస్తాయి. గర్భిణులకు అది తగదు.

నీరసానికి కారణం తరచుగా మరలో కాదు, మన వంటింట్లో ఉంటుంది. పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవలసిన బిళ్ళను కాఫీతో వేసుకుంటారు. ఇనుము, కాల్షియం బిళ్ళలు దానితోపాటే మింగేస్తారు. వాటికి నాలుగు గంటల ఎడం ఉండాలి. టి-4 సగం కరగడానికే వారం పడుతుంది కనుక, మోతాదు మార్చిన నాలుగోనాడే పరీక్ష చేయిస్తే ప్రయోజనం లేదు, ఆరు వారాలు ఆగాలి. జుట్టు పెరగడానికని వేసుకునే బిళ్ళలలో బయోటిన్ అనే విటమిన్ ఉంటే, కొన్ని యంత్రాలలో థైరాయిడ్ పరీక్ష తప్పుగా వస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. రక్తహీనతను కూడా మరువవద్దు. మన స్త్రీలలో అదెంత ఉన్నదో నేను చెప్పనక్కరలేదు.

గాదెలో వడ్లు ఉండాలంటే ముందు నారు పోయాలి గదా. థైరాయిడ్‌కు ఆ నారు అయోడిన్. ఈ మాట దేశానికి నిరూపించినవారిలో ముఖ్యుడు మన శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖపట్నంలో వైద్యం చదివిన వులిమిరి రామలింగస్వామిగారు. 1956లో హిమాలయాల క్రింది కాంగ్రా లోయను మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి వట్టి ఉప్పు పంపించారు. అయోడిన్ ఉప్పు తిన్నచోట గొంతువాపులు తగ్గాయి, తక్కినచోట తగ్గలేదు. 1962లో ప్రభుత్వం గాయిటర్ నివారణ కార్యక్రమం ప్రారంభించింది. జన్యువు ఎటువంటిదైనా ఆ ఉప్పు అందరికీ ఒకటే.

భోజనాలయిన తరువాత గంటసేపు నేనిక్కడే ఉంటాను. జన్యు రిపోర్టు ఉన్నవారు తెచ్చి చూపవచ్చు. దానితోపాటు చివరి టి.ఎస్.హెచ్. రిపోర్టు, వాడుతున్న బిళ్ళల అట్ట, పొడుల డబ్బా కూడా తీసుకురండి. గర్భిణులెవరైనా ఉంటే వారిని ముందు పంపండి.