ఇంటి బీమా: నష్టవార్తను వెంటనే తెలుపవలసిన యావశ్యకత



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన యీ వేదికపై నేను ఇంటి బీమాను గూర్చి ముచ్చటించుట కొందఱికి చిత్రముగా తోచవచ్చును. కాని మనవారిలో పెక్కుమంది జీవితమంతయు కూడబెట్టిన ధనము ఒక్క యింటిలోనే యున్నది గదా!

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడ సింగునగరు ప్రాంతమును ముంచినపుడు మా బంధువొకరి యింట నడుములోతు నీరు నిలిచెను. నీరు తీసినంతనే ఆయన బురద కడిగించి, ఉబ్బిన తలుపులను, చెడిన మంచములను పాఱవేయించి, గోడలకు సున్నము కొట్టించెను. నెల దాటిన పిమ్మట బీమాపత్రము జ్ఞప్తికి వచ్చెను. సర్వేయరు వచ్చునప్పటికి ఇల్లు పెండ్లివారి యిల్లువలె నుండెను! ఇక నష్టమునకు సాక్ష్యమేది? కోరిన మొత్తములో స్వల్పభాగమే దక్కెను. మరమ్మతునకు చేసిన అప్పు మిగిలెను. ఆయన అసత్యమాడలేదు, ఆలసించెను, అంతే.

నష్టవార్తను తెలుపుట యాచన కాదు. సొమ్ము చెల్లించి పొందిన హక్కును కాపాడుకొనుట. నష్టమెంతయో తేలువఱకు ఆగనక్కఱలేదు. పత్రసంఖ్య, చిరునామా, నష్టము కలిగిన దినము, కారణము తెలిపిన చాలును. ఫోనులో చెప్పినను వ్రాతమూలకముగా కూడ పంపి, కంపెనీవారిచ్చిన సంఖ్యను వ్రాసికొనవలెను. ఛాయాచిత్రములు తీసి, సర్వేయరు చూచువఱకు చెడిన వస్తువులను ఉంచవలెను. అయినను కప్పు చిల్లుపడినచో టార్పాలిను కప్పి నష్టము పెరుగకుండ చూచుట మన విధియే.

2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన భారత్ గృహరక్ష బీమాలో నష్టమును వెంటనే తెలుపవలెననియు, నష్టమును గమనించిన 30 దినములలో క్లెయిము పత్రమును సమర్పింపవలెననియు నియమము కలదు. ఆలస్యము అనివార్యమైనచో నిరాశ వలదు. న్యాయమైన క్లెయిమును కేవలము ఆలస్యమను మిషతో త్రోసివేయరాదని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకు తెలిపినది. కంపెనీ తిరస్కరించినచో ముందుగా దాని ఫిర్యాదుల విభాగమునకును, అచట న్యాయము జరుగనిచో హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మనుకును రుసుము లేకయే మొఱపెట్టుకొనవచ్చును.

కావున నాదొక మనవి. మన ప్రతి శాఖాసంఘమును ఒక యువకుని నియమించి, వృద్ధులకును, ఒంటరి స్త్రీలకును ఈ వార్త వ్రాసి పంపుటలో తోడ్పడవలెను. బీమాపత్రపు నకలు గృహిణికి తెలిసిన చోట నుండవలెను. ఆపద వచ్చిన దినమున బంధువులకు కబురు పంపునట్లే కంపెనీకిని కబురు పంపుడు.