పెన్నేరు కలిసేచోట తాబేళ్ళు



పెన్నేరు మన కడప జిల్లా దాటి, నెల్లూరు మీదుగా పోయి సముద్రంలో కలుస్తుంది. ఆ ఒడ్డుకు ఏటా ఒక చుట్టం వస్తాది. అది సముద్రపు తాబేలు. పేరు ఆలివ్ రిడ్లే.

చెరువు తాబేలు అందరూ చూసిందే. బెదిరితే తల లోపలికి లాక్కుంటాది. సముద్రపు తాబేలుకు అది చేతకాదు. దానికి కాళ్ళకు బదులు తెడ్లు ఉంటాయి. బరువు ఇంచుమించు శెనక్కాయల మూటంత.

సంక్రాంతి దాటినాక, రాత్రిపూట ఆడ తాబేలు ఒడ్డెక్కుతుంది. ఇసుకలో మూరెడు లోతు గుంత తీస్తుంది. నిమ్మకాయంత గుడ్లు నూరు దాకా పెడుతుంది. పూడ్చి వెళ్ళిపోతుంది. మళ్ళీ తిరిగి చూడదు. పొదిగేది ఇసుక వేడే! ఇసుక బాగా కాగితే ఆడపిల్లలు ఎక్కువ, చల్లగా ఉంటే మగపిల్లలు ఎక్కువ పుడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. వెలుతురు ఉన్న వైపు పాకుతాయి. రాత్రిపూట నేలకంటే సముద్రంవైపే వెలుతురు ఎక్కువ. ఒడ్డున కరెంటు దీపాలుంటే పాపం, దారితప్పి ఊరివైపు పోతాయి. కుక్కల పాలవుతాయి.

2021లో ఒడిషాలో ఒక తాబేలుకు బిళ్ళ కట్టారు. నంబరు 03233. 2025 జనవరిలో అది మహారాష్ట్రలోని గుహాగర్ ఒడ్డున గుడ్లు పెట్టింది. ఈ సముద్రం నుంచి ఆ సముద్రానికి పోయిందన్నమాట!

ఇంత తిరిగేది వలలో చస్తోంది. తాబేలు చేప కాదు. గాలికోసం నీటిపైకి రావాలి. మరబోట్లు రొయ్యల కోసం పెద్ద వలను గంటల తరబడి అడుగున ఈడుస్తాయి. చిక్కిన తాబేలుకు ఊపిరాడదు. 2025 జనవరిలో చెన్నై ఒడ్డుకు వందల కళేబరాలు కొట్టుకొచ్చాయి.

దీనికి ఒక ఉపాయం ఉంది. వలలో ఇనుప కమ్మీల చట్రం బిగిస్తారు. జల్లెడ లాంటిదే అనుకోండి. రొయ్యలు కమ్మీల సందున దూరిపోతాయి. తాబేలు కమ్మీలకు తగిలి, వలకున్న వాకిలి గుండా బయటపడుతుంది. దీన్ని టెడ్ అంటారు. ఇది వాడని దేశాల రొయ్యలు కొనమని 1996లో అమెరికా అంది. మన దేశం, మరో మూడు దేశాలు ప్రపంచ వాణిజ్య సంస్థలో తగాదా పెట్టాయి.

చట్రం పెడితే కొంత చేప జారిపోతుందని బోటువాళ్ళ బాధ. అది వట్టి సాకు కాదు. బోటు నిండుగా వస్తేనే చేపల తట్ట ఎత్తుకునే ఆడవాళ్ళకు ఆ పూట గడుస్తుంది.

తాబేలును చంపినా, గుడ్లు తీసినా 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. 2025లో ఆ రోజులకు మన ప్రభుత్వం ఒక్కో జాలరి కుటుంబానికి 20 వేల రూపాయలు ఇచ్చింది. అయితే తాబేళ్ళు ఒడ్డుకు చేరేది అంతకు ముందే, జనవరి నుంచే! ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల మరబోట్లు వేటాడరాదని నియమం ఉంది. ఆ నెలల్లో దాన్ని గట్టిగా అమలు చేయాలి. చిన్న తెప్పలవాళ్ళకూ అప్పుడు చేపలు మిగులుతాయి.

విశాఖపట్నంలో అటవీ శాఖవాళ్ళు, జాలర్లు కలిసి రాత్రిళ్ళు గుడ్లు ఏరుతారు. కంచె లోపలి ఇసుకలో మళ్ళీ పూడుస్తారు. పిల్లలు పైకి వచ్చాక సముద్రం దగ్గర వదులుతారు. నీళ్ళలో వేయరు. కొంచెం దూరం ఇసుకమీద వాటినే పాకనిస్తారు.