ఒకరి పాట, వేరొకరి గొంతు

లివర్‌పూల్ నగరమునకు చెందిన బీటిల్స్ బృందమును గూర్చి ముచ్చటించువారు సాధారణముగా వారి సొంత రచనలనే పేర్కొందురు. మేము మాత్రము వారు ఇతరులవద్దనుండి తెచ్చుకొని పాడిన పాటలతో ప్రారంభింపదలచితిమి. జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అను ఈ నలుగురకు విద్య అబ్బినది అచ్చటనే.

1962 అక్టోబరులో వారి తొలి సింగిల్ 'లవ్ మి డూ' వెలువడెను. సింగిల్ అనగా నిమిషమునకు 45 చుట్లు తిరుగు ఏడంగుళముల ప్లేటు. ప్రక్క కొక్క పాట. పండ్రెండంగుళముల పెద్ద ప్లేటు ఆల్బమ్. వారి మొదటి ఆల్బమ్ 'ప్లీజ్ ప్లీజ్ మి'లో 14 పాటలున్నవి. వానిలో 10 పాటలను 1963 ఫిబ్రవరి 11వ తేదీన, ఒక్కనాటిలోనే, లండనులో రికార్డు చేసిరి. ఆనాడు లెనన్‌కు జలుబు. గొంతు చినిగిపోవునను భయముతో 'ట్విస్ట్ అండ్ షౌట్' అను పాటను చిట్టచివరకు ఉంచిరి. ఆ బొంగురే పాటకు ప్రాణమైనది! ఐనను అది వారి పాట కాదు. 1961లో టాప్ నోట్స్, 1962లో ఐస్లీ బ్రదర్స్ అను అమెరికా బృందములు దానిని అంతకుముందే పాడియుండిరి. ఆ ఆల్బమ్‌లో ఇట్టివి ఆరు.

మన సభలలో ఒకే కృతిని పదిమంది పాడినను దానిని అనుకరణ మనరు. ఎవరు పాడినను త్యాగరాజస్వామి ముద్ర కృతిలోనే నిలిచియుండును. ఆంగ్ల గీతములకు ముద్ర లేదు. ప్లేటు మీది చీటీ చదువనివానికి పాట పాడినవానిదే యగును. చీటీ చదువువారు ఎందరు?

1964 నాటి 'ఎ హార్డ్ డేస్ నైట్' ఆల్బమ్‌లోని 13 పాటలును లెనన్, మెకార్ట్నీల రచనలే. అటుపిమ్మట ఇతరులు వారి పాటలకై ఎగబడిరి. 1965 నాటి 'యెస్టర్‌డే'ను పాడినవారికి లెక్కయే లేదు. వానిలో పెక్కు మూలమునకు నీరు కలిపినట్లుండును. 1968లో జో కాకర్ 'విత్ ఎ లిటిల్ హెల్ప్ ఫ్రమ్ మై ఫ్రెండ్స్' పాడిన తీరు వేరు. చతురశ్రమున చులాగ్గా సాగిన పాటను ఆయన విలంబమున, మూడేసి దెబ్బల నడకలో పెట్టి, వేదనగా మార్చివేసెను. మా దృష్టిలో అది తిరిగి పాడుట కాదు, తిరిగి కట్టుట.

ఇక రేడియోవారికి ఇష్టమైన సంగతి. ఆ రోజులలో బి.బి.సి. ఎన్ని గంటలు రికార్డులు వేయవచ్చునో ఒప్పందములచేత కట్టుబడి యుండెను. వాద్యకారుల జీవనోపాధికి భంగము కలుగరాదని వారి సంఘము పట్టుదల. కావున బృందములే స్టూడియోకు వచ్చి పాడవలసి వచ్చెడిది. 1963లో 'పాప్ గో ది బీటిల్స్' అను పేర 15 కార్యక్రమములు ప్రసారమయ్యెను. అన్ని వారములకు సొంత పాటలెక్కడివి? ఇతరుల పాటలనే విరివిగా పాడిరి. వానిలో పెక్కింటిని వారు ప్లేట్లుగా ఎన్నడును ఇచ్చియుండలేదు.

ఆర్థర్ అలెగ్జాండర్ అను అమెరికా నల్లజాతి గాయకుని పాటలు వారికి ప్రీతి. ఆయన వ్రాసి, 1962లో పాడిన 'ఆనా'ను లెనన్ తమ మొదటి ఆల్బమ్‌లో పాడెను. రోలింగ్ స్టోన్స్ బృందమువారును ఆయన పాట నొకదానిని తీసికొనిరి. ఆ ప్లేట్లు దేశదేశముల తిరుగుచుండగా అలెగ్జాండర్ సంగీతమును విడిచి, క్లీవ్‌లండ్ నగరములో బస్సు నడుపుచు చాల ఏండ్లు గడపెను. 1993లో మరల ఒక ఆల్బమ్ వెలువరించి, ఆ యేడే జూనులో కన్నుమూసెను. ఆయన పాడిన 'సోల్జర్ ఆఫ్ లవ్'ను బీటిల్స్ 1963లో బి.బి.సి.లో పాడియుండిరి. ఆ రేడియో పాటలు 'లైవ్ ఎట్ ది బి.బి.సి.' అను పేర ఆల్బమ్‌గా అంగడికి వచ్చినది 1994 నవంబరులో.