అక్షాంశాన్ని బట్టి పీత కాన్పు

భద్రాచలం రేవులో మన కాళ్లకు అంటే ఇసుకలో కొంత వరదతో కదిలి సముద్రం చేరుతుంది. అలాంటి సముద్రపు ఇసుకలో, అల విరిగే చోట, ఎమెరిటా అనే చిన్న పీత బతుకుతుంది. వెనక్కి నడుస్తూ ఇసుకలోకి దూరి, ఈకల్లాంటి మీసాలతో నీటిలోని ఆహారాన్ని వడగట్టుకుంటుంది.

ఆడపీత గుడ్లను పొట్ట కిందే మోస్తుంది. ఎప్పుడు మోస్తుందన్నదే అసలు విశేషం. 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంలోని చెన్నై తీరంలో గుడ్ల పీతలు ఏడాది పొడవునా కనిపిస్తాయి. దీని బ్రెజిల్ బంధువు కూడా 23 డిగ్రీల దక్షిణాన, రియో దగ్గర, అంతే. కానీ అదే జాతి 34 డిగ్రీల దక్షిణాన ఉరుగ్వేలో వెచ్చని నెలల్లోనే గుడ్లు మోస్తుంది. చల్లని నీటిలో గుడ్డు ఎదగడానికి ఎక్కువ రోజులు కావాలి మరి! అక్కడి ఆడపీతలు బాగా పెరిగాకే ఈడుకొస్తాయి. ఒళ్లు పెద్దదైతే ఒక్క విడతలోనే ఎక్కువ గుడ్లు మోయగలవు. కాలం తక్కువైనా కాన్పు గట్టిదన్నమాట. నాకు ఇది ఎంతో అబ్బురంగా తోస్తుంది.

అయితే అక్షాంశం ఒక్కటే లెక్క కాదు. ముతక ఇసుక, నిటారు వాలు ఉన్న తీరాల్లో పీతకు శ్రమ ఎక్కువ, గుడ్లు తక్కువ.