గూడెం గడప దాకా



ఈ రోజు పట్టాలు అందుకుంటున్న నర్సులారా, కరోనాకు పేదా గొప్పా తేడా లేదని అందరం అన్నాం. లెక్కలు ఆ మాటను ఒప్పుకోవు, వందేళ్ల కిందటి మహమ్మారిలోనూ ఒప్పుకోలేదు. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో బొంబాయి నగరంలో వెయ్యి మందికి మరణాలు యూరోపియన్లలో 8 ఉంటే, నాటి రికార్డులు ‘తక్కువ కులాలు’ అని రాసిన హిందువుల్లో 61 దాటాయి. క్రిమి ఒక్కటే; ఇరుకు గదులు, అర్ధాకలి, చూసే దిక్కు లేకపోవడం మాత్రం ఒక వర్గానికే ఉన్నాయి. కరోనాలో మనం నమ్ముకున్న పరికరం కూడా అందరికీ ఒకేలా పనిచేయలేదు. 2020 డిసెంబరులో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, ఆక్సీమీటరు 92–96 చూపించినా రక్తపరీక్షలో ఆక్సిజన్ 88 కన్నా తక్కువని తేలిన సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం, నల్లవారిలో 11.7 శాతం. కాబట్టి వేలికి పెట్టిన క్లిప్పు 95 చూపినా, మనిషి ఆయాసపడుతుంటే ఆ ఆయాసాన్నే నమ్మండి.

మన దగ్గరా అంతే. 2020 మార్చిలో కరీంనగర్‌లో ఇండోనేసియా నుంచి వచ్చిన ఒక బృందంలో కరోనా కేసులు బయటపడగానే వైద్య సిబ్బంది ఇల్లిల్లూ తిరిగారు. పట్నంలో అది సాధ్యమైంది. ఆదిలాబాద్ అడవుల్లో గోండు, కొలాం, తోటి తెగల గూడేల దారి వేరు. 2021 మేలో 18–44 ఏళ్ల వారు టీకాకు కోవిన్ వెబ్‌సైటులో నమోదు చేసుకోవాలన్నారు. ఫోను, సిగ్నలు లేనివారి సంగతేమిటని సుప్రీంకోర్టే అడిగింది. అదే నెలలో మన రాష్ట్రంలో జ్వర సర్వే మొదలైంది. ఆశాలు, ఏఎన్ఎంలు గడపగడపకూ వెళ్లి, పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందుల కిట్లు చేతికిచ్చారు. నర్సింగ్ ఇవ్వగల జవాబు ఇదే: రోగి కోసం ఎదురుచూడకుండా మనమే వెళ్లడం.

రోగిని జాతి పేరుతో వేరుగా చూడటం తప్పు కదా అని కొందరు అంటారు. సేవలో తేడా చూపడం తప్పే. తేడా ఎక్కడుందో రాసుకోకపోవడం అంతకన్నా పెద్ద తప్పు. ‘టీకాకు భయపడింది వాళ్లే’ అనే మాటా వింటాం. భయపడింది అడవివాళ్లు మాత్రమే కాదు, పట్నాల్లో చదువుకున్నవాళ్లూ భయపడ్డారు. గోండిలో, కొలామిలో అడిగే ప్రశ్నకు అదే భాషలో జవాబు చెప్పే మనిషి ఉంటే భయం తగ్గుతుంది. రోడ్డు వేయడం, అంబులెన్సు పంపడం నర్సు పని కాదన్నది నిజమే. కానీ గూడెం పేరు, తెగ పేరు, ఆసుపత్రికి చేరడానికి పట్టిన గంటలు మీ రిజిస్టరులో ఉంటేనే ఆ పని చేయాల్సినవారిని నిలదీయగలం.

మీలో గోండి, కొలామి తెలిసినవారు ఆ మాటను దాచుకోకండి. తెలియనివారు నేర్చుకోండి. ఇంకో మహమ్మారి వచ్చేలోగా ప్రతి గూడేనికీ దాని భాష తెలిసిన నర్సు ఒకరు ఉండాలి. ఆ పని మీ తరం చేయాలి.