తాకట్టు లేని రుణం ఎవరి చేతికి వస్తోంది?



నా పిహెచ్‌డి చిన్న సంస్థలకు ప్రభుత్వం ఏర్పాటు చేసిన రుణ హామీ పథకాల మీద. ఆ మాట చెప్పగానే "ఇందులో కులం ఎక్కడుంది?" అని అడుగుతారు. మా గైడ్ కూడా మొదటి రోజు అదే అడిగారు. నేను మా ఇంటి సంగతి చెప్పాను. ఇక్కడా దానితోనే మొదలుపెడతాను.

మా అన్న ఐటీఐ ఫిట్టర్. పదకొండేళ్లు వేరేవాళ్ల షెడ్డులో గేట్లు, గ్రిల్స్ చేశాడు. తర్వాత సొంతంగా షెడ్డు వేసుకున్నాడు. మిషన్లకు, ఇనుముకు కలిపి ఎనిమిది లక్షలు కావాలని బ్యాంకుకు వెళ్లాడు. ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంది, కొటేషన్లున్నాయి, ఖాతాలో రెండేళ్ల లావాదేవీలున్నాయి. మేనేజర్ కాగితాలన్నీ తిరగేసి, "ఇల్లు ఎవరి పేరు మీద ఉంది? పొలమేమైనా ఉందా?" అన్నాడు. నాన్నకు ఎకరం డి-పట్టా భూమి ఉందన్నాడు అన్న. "అది పనికిరాదు. గవర్నమెంటు ఉద్యోగస్తుణ్ణి ఎవరినైనా జామీను తీసుకురా" అన్నాడాయన. మా మాలపల్లె మొత్తానికి సర్వీసులో ఉన్న ఉద్యోగులు ఇద్దరు. ఇద్దరూ అప్పటికే వేరేవాళ్లకు జామీను సంతకాలు పెట్టి ఉన్నారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. సూక్ష్మ, చిన్న సంస్థలకు 10 లక్షల వరకు ఇచ్చే రుణానికి తాకట్టు అడగకూడదని రిజర్వ్ బ్యాంకు 2010లోనే బ్యాంకులను ఆదేశించింది. ఇక డి-పట్టా సంగతి. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం వాటిని అమ్మకూడదు, కొనకూడదు. బ్యాంకులో తనఖా పెట్టడానికి అదే చట్టంలో మినహాయింపు ఉంది. కానీ రేపు వేలం వేస్తే కొనేవాడు దొరకని భూమిని ఏ మేనేజరూ ఆస్తిగా చూడడు. భూమి పోకుండా మనల్ని కాపాడిన చట్టమే బ్యాంకు దగ్గర మనల్ని ఆస్తి లేనివాళ్లను చేస్తోంది. నేను ఆ చట్టాన్ని తీసెయ్యమనడం లేదు. ఆ వాదన చేసేవాళ్ల చూపు భూమి మీదే ఉంటుంది.

సరిగ్గా ఈ ఆస్తి లేని సమస్య కోసమే హామీ పథకం పుట్టింది. 2000లో కేంద్ర ప్రభుత్వం, సిడ్బీ కలిసి సీజీటీఎంఎస్ఈ అనే ట్రస్టును పెట్టాయి. బ్యాంకు తాకట్టు గానీ మూడో మనిషి పూచీ గానీ లేకుండా రుణమిస్తే, ఆ అప్పు మునిగినప్పుడు నష్టంలో పెద్ద భాగాన్ని ట్రస్టు భరిస్తుంది. రుణ పరిమితి 2023లో 5 కోట్లకు, 2025లో 10 కోట్లకు పెరిగింది. పైకి చూస్తే మనకోసమే కట్టినట్టుంటుంది.

అయితే హామీ ఎవరికి? అప్పు తీసుకున్నవాడికి కాదు, బ్యాంకుకు. ఫీజు మాత్రం చాలాసార్లు అప్పు తీసుకున్నవాడే కడతాడు. వ్యాపారం దెబ్బతింటే ట్రస్టు వెంటనే డబ్బివ్వదు. 18 నెలల లాకిన్ గడవాలి, పెద్ద రుణాలైతే బ్యాంకు అప్పుదారు మీద కేసు కూడా వెయ్యాలి. అప్పుడు హామీ మొత్తంలో 75 శాతం వస్తుంది, మిగతాది వసూలు ప్రక్రియ ముగిశాక. ట్రస్టు చెల్లించినంత మాత్రాన అప్పు మాఫీ కాదు. నా ఫీల్డ్‌వర్క్‌లో "గవర్నమెంటు గ్యారంటీ ఉందన్నారు కదా, మళ్లీ నోటీసెందుకు?" అని అడిగినవాళ్లు చాలామంది. వాళ్లకు ఎవరూ వివరించలేదు.

అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. హామీ వర్తించేది రుణం మంజూరయ్యాకే. మంజూరు చేసేది మేనేజర్. నష్ట భయాన్ని ట్రస్టు తీసుకోగలదు గానీ, "ఇతను మనవాడు, కడతాడు" అనే నమ్మకాన్ని తయారుచెయ్యలేదు. ఫిస్మన్, పారవిసిని, విగ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక భారతీయ బ్యాంకు రికార్డులను పరిశీలించి 2017లో ఒక పత్రం ప్రచురించారు. అధికారిదీ అప్పుదారుదీ ఒకే కులమో మతమో అయినప్పుడు రుణాలు ఎక్కువగా అందాయి, ఎగవేతలు కూడా తగ్గాయి. వాళ్లు దీన్ని సమాచారం దగ్గరితనంగా చదివారు. నేను చదివింది వేరుగా: ఆ కుర్చీలో మనవాళ్లు తక్కువగా ఉన్న దేశంలో ఆ దగ్గరితనం ఎవరికి దక్కుతుంది? అన్న ఖాతాలోని రెండేళ్ల లావాదేవీలు కూడా సమాచారమే. దాన్ని చూడాలనిపించలేదంతే.

మనకోసం ప్రత్యేక పథకాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2014 బడ్జెట్‌లో ప్రకటించి 2015లో 200 కోట్లతో ఐఎఫ్‌సీఐ ద్వారా మొదలుపెట్టిన ఎస్సీల రుణ హామీ పథకం ఒకటి. అది 15 లక్షల దగ్గర మొదలవుతుంది. 2025 మార్చితో ముగిసిన స్టాండప్ ఇండియా 10 లక్షల దగ్గర మొదలయ్యేది. మా అన్న అడిగింది ఎనిమిది.

స్టాండప్ ఇండియా లెక్క చూద్దాం. జగ్జీవన్ రామ్ జయంతి రోజు, 2016 ఏప్రిల్ 5న మొదలైంది. ప్రతి బ్రాంచీ కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకు రుణమివ్వాల్సి ఉండేది. దేశంలో లక్షా 25 వేల బ్రాంచీలని అప్పుడు చెప్పారు. ఏడేళ్లు నిండినప్పుడు ప్రభుత్వం ఇచ్చిన అంకెలివి: మొత్తం 1,80,636 ఖాతాలు. మహిళలవి 1,44,787, ఎస్సీలవి 26,889, ఎస్టీలవి 8,960. ఎస్సీ, ఎస్టీ పద్దులు రెండూ కలిపినా 35,849. అంటే ఏడేళ్లలో బ్రాంచీకి ఒక్కరు చొప్పున కూడా కాదు, పది బ్రాంచీలకు ముగ్గురు కూడా లేరు. ఈ పథకానికీ విడిగా హామీ నిధి ఉండేది. హామీ ఉండి కూడా ఈ అంకె ఇదీ.

కోవిడ్ సమయంలో 2020 మేలో 3 లక్షల కోట్ల అత్యవసర రుణ హామీ వచ్చింది. నూటికి నూరు శాతం హామీ. ఎవరికి? 2020 ఫిబ్రవరి 29 నాటికి అప్పటికే బ్యాంకు రుణం ఉన్నవాళ్లకు, ఆ బాకీలో 20 శాతం మేరకు. అంతకుముందు గుమ్మం బయట ఉన్నవాళ్లు బయటే ఉన్నారు.

బాబాసాహెబ్ 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో, కమతం చిన్నదా పెద్దదా అన్నది కాదు, దాని మీద పెట్టే పెట్టుబడి, పనిముట్లు ఎంత అన్నదే అసలు ప్రశ్న అన్నారు. ఆర్థిక గణనల ఆధారంగా అయ్యర్, ఖన్నా, వార్ష్నే చేసిన అధ్యయనం ప్రకారం 2005లో దేశంలోని సంస్థల్లో ఎస్సీల చేతిలో ఉన్నవి 9.8 శాతం. జనాభాలో వాటా 16 శాతం పైన. పెట్టుబడి ప్రశ్న నూరేళ్ల తర్వాతా అక్కడే ఉంది.

నేను హామీ పథకాలు దండగ అనడం లేదు. నా వాదన ఇది. ట్రస్టు ఇచ్చే ప్రతి హామీని కులంవారీగా, జిల్లావారీగా, బ్రాంచీవారీగా ప్రచురించాలి. తిరస్కరించిన దరఖాస్తుకు కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, ఆ లెక్కా బయటపెట్టాలి. ఇప్పుడు మనకు తెలిసేది రుణం దక్కినవాళ్ల సంఖ్యే. మా అన్న ఏ లెక్కలోనూ లేడు. దరఖాస్తు తీసుకోకుండానే వెనక్కి పంపారు, కాబట్టి తిరస్కరణ కూడా కాదు. చివరికి ఒక ప్రైవేటు ఫైనాన్స్‌లో 24 శాతం వడ్డీకి తెచ్చి మిషన్లు కొన్నాడు. వాయిదా ఒక్కటీ తప్పలేదు.

మీలో ఎకనామిక్స్, లా చదివేవాళ్లున్నారు. సమాచార హక్కు దరఖాస్తుల ముసాయిదా ఒకటి తయారుచేశాను, కాపీలు వెనక బల్ల మీద ఉన్నాయి. మీ ఊరి బ్రాంచీ పేరు రాసి పంపండి. ఇక ప్రశ్నలు అడగండి.